అమ్మ ఏం చేస్తుంది?

"వీసా ఆఫీసరు అడిగినట్టే అడుగమ్మా," అంది దీక్షిత నిటారుగా కూర్చుని.

కూతురి బెదురు పోవాలని, ఈశ్వరి చపాతీలు ఒత్తుతూనే గొంతు పెంచింది. "నీ చదువుకు దుడ్లు ఎవరు పెడతాండారు?"

"మా నాయన. ఆళ్లగడ్డలో సిమెంటు అంగడి ఉంది. అందరం ఒకే ఇంట్లో ఉంటాం."

ఆయన ఆళ్లగడ్డలో ఇంకొకామెతో కాపురం పెట్టాక, ఈశ్వరి నంద్యాల హాస్టళ్లకు చపాతీలు చేసి పంపుతూ కూతుర్ని బీటెక్ దాకా చదివించింది. వీసాకు చూపించే ఆస్తి మాత్రం ఆయనదే.

"మీయమ్మ ఏం చేస్తాది?"

దీక్షిత తల దించుకుంది. "ఏమీ చెయ్యదు. ఇంట్లోనే ఉంటాది."

"నా మొగం చూసి చెప్పు. ఆడ తల దించితే అబద్ధమని పట్టేస్తారు."

దీక్షిత తలెత్తి, తడబడకుండా చెప్పింది. "మా అమ్మకు ఏ పనీ రాదు. చిన్నప్పటి నుంచి నన్ను పెంచింది మా నాయనే."

ఈశ్వరి చేతిలో చపాతీ కర్ర ఆగిపోయింది. "ఈ మాట వీసా కన్సల్టెన్సీ వాళ్లు చెప్పమన్యారా?"

"లేదుమ్మా. నమ్మేట్టు ఉంటాదని నేనే కలిపినా. బాగుందా?"

"బాగుంది," అంది ఈశ్వరి. "నాకే నిజమనిపించింది."