కాజాల పందెం

"గోల్!" అని ఎదురంగట్లో సిరాజుద్దీన్ అరిచిన అరుపుకు అబ్దుల్ సలాం చేతిలోని సూది కసుక్కున వేల్లో దిగింది.

"ఎవురేసినారప్పా?" అని జనం ఎగబడ్డారు.

"ఇంకెవురు? మన బెన్ఫికా!"

మన బెన్ఫికా అంట! సలాం వేలు నోట్లో పెట్టుకుని చప్పరించాడు. పోర్చుగల్ దేశంలో బంతి తన్నుకునేవాళ్లు ప్రొద్దుటూరుకు ఏ వైపు నుంచి చుట్టాలయ్యారో ఆ అల్లాకే తెలియాలి. గోవాలో ఓడవాళ్లకు ప్యాంట్లు కుట్టి వచ్చిన సిరాజు, వస్తూ వస్తూ ఒక రేడియో తెచ్చుకున్నాడు. ఆదివారం వస్తే చాలు, దానికి చెవి ఆనించి కూర్చుని, పోర్చుగీసు వాళ్ల ఫుట్‌బాల్ లీగు ఆటను తెలుగులో చెబుతాడు. వినడానికి వచ్చేవాడు వట్టి చేతులతో రాడు. చంకలో రంజాన్ పండగ గుడ్డ పెట్టుకుని వస్తాడు. సిరాజు అంగట్లో గుడ్డలు దూలాన్ని తాకుతున్నాయి. సలాం ఈగలు తోలుకుంటున్నాడు.

"ఏందయ్యా, మీ తమ్ముని పైజామా గుడ్డ గూడా ఆడికే పోయింది. చూసినావా?" అంది పరదా వెనక నుంచి భార్య ఖాజాబీ.

"చూసినాలే. నువ్వు ఊదాల్నా ఈ పొయ్యిని?"

ఆ కడుపుమంటతోనే సలాం పోర్తో పక్షం చేరాడు. బెన్ఫికాను తన్నగలిగింది ఆ జట్టొక్కటేనని చెప్పింది సిరాజే మరి. మాటామాటా పెరిగి పందెం దాకా పోయింది. ఎవరి జట్టుకు కప్పు రాకపోతే వాడు పండగ దాకా రెండోవాడి అంగట్లో కూర్చుని గుండీల కాజాలు కుట్టాలి. కత్తెర పట్టే చేతిని కాజాలు కుట్టమనడమంటే పెండ్లికొడుకును ఎంగిలాకులు ఎత్తమన్నట్టే. ఈ రోజే ఆఖరి ఆట. రెండు జట్లూ చెరొక ఊళ్లో వేరేవాళ్లతో ఆడుతున్నాయి. లీగులో ఇద్దరూ సమానం, ఎవరివి ఎక్కువ గోల్స్ అయితే కప్పు వాళ్లది. ఇప్పుడు బెన్ఫికా ఒక గోల్ ముందుకు పోయింది.

సలాం దిగులుపడలేదు. జమ్మలమడుగు బస్సు వచ్చింది. అందులోంచి కైతాన్ దిగాడు. గోవా మనిషి. ఒకప్పుడు పోర్చుగీసు దొర ఇంట్లో వండి, ఆ భాష నేర్చినవాడు, ఇప్పుడు జమ్మలమడుగు ఆసుపత్రిలో వండుతున్నాడు. సలాం ముందే పోయి, రమ్మని బతిమాలి వచ్చాడు.

"నువ్వేం చెయ్యొద్దప్పా. రేడియో కాడ నిలబడు. వాడు చెప్పేది నిజమో అబద్ధమో నా చెవిలో చెప్పు, చాలు."

"ఎందుకు సాయిబూ అనుమానం?"

"బంతాట చెప్పేటోడు గొంతు చించుకోవల్ల గదా! ఆ రేడియోలో ఎవుడో జోలపాట పాడినట్టు గొణుగుతాంటాడు."

ఇద్దరూ రోడ్డు దాటారు.

"రా సలామన్నా, రా," అన్నాడు సిరాజు. "సూదీ దారం తెచ్చుకున్యావా, ఈడ నన్నే ఇమ్మంటావా?"

జనం గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది బడి అయివారు అనంతపద్మనాభం. "కాజాలకు పుట్టిన చెయ్యిలే సలాంది! ఈయనెవురప్పా?"

"మాకు కావల్సినాయన. ఆట వింటాడంట."

కైతాన్ రేడియో దగ్గరికి వంగాడు. గరగరల మధ్య మాటలు చెవిన పడ్డాయో లేదో, తలమీది టోపీ తీసి, నుదుటికీ గుండెకూ చెయ్యి తాకించి సిలువ గుర్తు వేసుకున్నాడు.

సిరాజు రేడియో మీంచి చెవి తీశాడు. కైతాన్‌ను చూశాడు, సలాంను చూశాడు.

"గోవానా?" అన్నాడు మెల్లగా.

"గోవానే," అన్నాడు సలాం, కలకండ చప్పరిస్తున్నట్టు.

కైతాన్ సలాం చెవిలో గుసగుసలాడాడు. "ఆట లేదు, ఏం లేదు సాయిబూ. ఇది చర్చి. ఈ రోజు మా మట్టల ఆదివారం. ఫాదిరి ప్రార్థన చేస్తున్నాడు."

ఇన్ని నెలల మంట మీద ఎవరో కుండెడు నీళ్లు కుమ్మరించినట్టయింది సలాంకు. గొంతు సవరించుకుని చెయ్యెత్తాడు.

"అప్పా, అందురూ ఇట్ల వినండి..."

"గోల్!" సిరాజు స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. "పోర్తో! పోర్తో ఏసింది! అయ్యో, మళ్లా గోల్! మళ్లా పోర్తోనే!"

"ఒక్క ఊపిరికే రెండా?" అయివారు నోరు తెరిచాడు.

"పోర్తో అంటే ఏమనుకున్యావు అయివారూ! అయిపాయ, ఆట అయిపాయ. ఒక్క గోల్ తేడాతో కప్పు పోర్తోది." సిరాజు రేడియో చెవి మెలితిప్పి నోరు మూయించాడు. సలాం వైపు తిరిగి తల వంచాడు. "గెలిచినావన్నా. రేపు పొద్దున్నే వచ్చి నీ అంగట్లో కాజాలకు కూచుంటా."

అంగడి చప్పబడిపోయింది. అయివారికి మాత్రం మింగుడు పడలేదు.

"నేనొప్పుకోను. నువ్వు తప్పు విన్యావు సిరాజూ. ఈ పెద్దమనిషి గూడా విన్యాడు గదా, ఈయన్నే అడుగుదాం. ఏం సలాం, ఏమంటాడు ఈయన? సిరాజు చెప్పింది నిజమేనా, ఇదంతా వట్టి బూటకమా?"

జనమంతా ఇటు తిరిగారు. సిరాజు కన్ను ఆర్పకుండా సలాంనే చూస్తున్నాడు. కైతాన్ చెప్పబోయి నోరు తెరిచాడు. సలాం వాడి కాలు తొక్కిపట్టాడు.

"పోర్చుగీసు దొరల ఇంట్లో పెరిగిన మనిషప్పా ఈయన," అన్నాడు సలాం, వీధి చివరిదాకా వినపడేట్టు. "మన సిరాజు భాయి ఇన్ని నెలలూ చెప్పిందాంట్లో ఒక్క అక్షరం గూడా అబద్ధం లేదంట!"