నలుపు ఎవరికి?

పెట్టె మూత తీయగానే పద్మజ చేతులు ఆగిపోయాయి.

నలుపు! నిగనిగలాడే పాత జపాన్ పట్టు కిమోనో. భుజాల మీద, వీపు మీద తెల్లటి వంశచిహ్నాలు. బొమ్మలన్నీ కింది అంచులోనే ఉన్నాయి: పైన్ కొమ్మలు, వెదురు, చిన్న చిన్న పూలు.

పక్క పెట్టెలో ఎర్రది. దాని నిండా జరీ కొంగలు ఎగురుతున్నాయి.

పెళ్ళికొడుకు కెంజీ ఇంటి నుంచి పొద్దున్నే వచ్చాయవి. తల్లికొకటి, కూతురికొకటి.

బయట, డెట్రాయిట్ పక్కనున్న నోవై ఊరంతా మంచు. హాల్లో తెలుగువాళ్ళు ఒకవైపు, జపాన్ వాళ్ళు ఒకవైపు వచ్చి కూర్చున్నారు.

"పెళ్ళిపూట నలుపా!" పద్మజ పెట్టె మూత మూసేసింది. "మొగుడు పోయినదాన్నని ఇలా గుర్తు చేస్తారా హంసికా? ఈ సంబంధం వద్దు. వెళ్ళి చెప్పెయ్యి."

"అమ్మా, ప్లీజ్! లాస్ట్ మినిట్‌లో కాన్సిల్ చేస్తే ఎలా?"

"హాల్లో కూర్చున్న ఆ కృష్ణకుమారి ఒక్కతి చూస్తే చాలు. డెట్రాయిట్ అంతా టాంటాం వేస్తుంది."

అదీ నిజమే. కృష్ణకుమారి నోటికి ఫోన్ కూడా అక్కర్లేదు.

హంసికకు ఏడుపొచ్చింది. ఈ రోజు కోసం ఎంతమందితో పోట్లాడిందో ఆమెకే తెలుసు. పరుగున వెళ్ళి పెళ్ళికొడుకు చెల్లెలు చియోకోను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

సంగతి విని చియోకో హడలిపోయింది. నడుము వంచి క్షమాపణ చెప్పి, ఇంగ్లీషులో గబగబా వివరించింది. నలుపు వాళ్ళకు అశుభం కాదు. పెళ్ళిలో ఎంతో గౌరవమైన బట్ట అది. దగ్గరి బంధువుల్లో పెళ్ళయిన ఆడవాళ్ళే తొడుక్కుంటారు. తన ఒంటి మీదున్నదీ నల్లదే, చూడమంది. ఎర్రది వాళ్ళ నాయనమ్మ పెళ్ళినాటిది. కొంగలు జంట విడవవని వాళ్ళ నమ్మకం.

పద్మజ నల్లబట్ట పెట్టెను దూరంగా జరిపింది.

"నల్లపూసలు కూడా నలుపే కదమ్మా," అంది హంసిక మెల్లగా.

పద్మజ చెయ్యి తన బోసి మెడ మీదికి వెళ్ళింది. కళ్ళు తుడుచుకుని, చివరికి తలూపింది.

హంసిక తన మెడలోని నల్లపూసలు సర్దుకుని, నల్ల కిమోనోను తాను తొడుక్కుని, కొంగల కిమోనోను తల్లి భుజాల నిండా కప్పి అంది: "లే అమ్మా, కెంజీ అంకుల్ మండపంలో నీకోసమే వెయిట్ చేస్తున్నారు."