ఇన్‌స్పెక్టరుగారి నాలుక

అల్లుడింటి వంటగదిలో గిన్నెలు తుడిచే గుడ్డను రెండు వేళ్లతో ఎత్తి చూసి, ఇన్‌స్పెక్టరుగారు ముక్కు మూసుకున్నారు.

"దీంతోనే కంచాలు తుడుస్తున్నావా అమ్మా?"

"నిన్ననే ఉతికాను నాన్నా," అంది కూతురు తల తిప్పకుండా.

ఆయనకు నమ్మకం కలగలేదు. గుడ్డను బకెట్లో పడేసి, మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కున్నారు. ఉద్యోగమంతా ఊళ్లో హోటళ్లూ దుకాణాలూ తనిఖీ చేస్తూ గడిపిన మనిషి. నూనె డబ్బాల్లో బొద్దింకలూ, పిండిబస్తాల్లో పురుగులూ ఆయన చూసినన్ని ఇంకెవరూ చూసి ఉండరు. అందుకే లోకమంతా ఆయనకు ఓ మురికిగుంట. బయట మంచినీళ్లు కూడా ముట్టరు. విందుకు పిలిస్తే వెళ్లి ఒక అరటిపండు తిని వచ్చేస్తారు, అదీ తొక్క కడిగించాక.

ఇంత అసహ్యంలోనూ ఆయన మురిసిపోయేది ఒక్కదాన్ని చూసుకునే. తన నాలుకను. చిటికెడు కారం నోట్లో వేసుకుని, ఇందులో ఇటుకపొడి కలిసిందని చెప్పేసేవారు. పరీక్షకు పంపితే అదే తేలేది. దుకాణదారులు ఆయన అధికారానికన్నా ఆ నాలుకకే ఎక్కువ హడలిపోయేవారు.

ఇప్పుడు బెంగంతా ఆ నాలుక గురించే. కిందటి వారం ఆయన కాఫీ మొత్తం తాగి కప్పు కింద పెట్టాక, కూతురు తన కప్పులోంచి ఒక్క గుక్క తీసుకుని సింకులో ఊసేసింది.

"పాలు పాడైపోయాయి నాన్నా. నీకు తెలీలేదా?"

తెలీలేదు. రిటైరయ్యాక మిగిలిన ఒక్క ఆస్తీ పోయిందా అని అప్పట్నుంచీ లోలోపల కుమిలిపోతున్నారు. తెలియకుండా ఇంకా ఏమేం మింగేశానో అనుకుని రోజుకు నాలుగుసార్లు నోరు పుక్కిలిస్తున్నారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అల్లుడి ఉద్యోగం సంగతి వచ్చింది. అతను పోషకాల మీద పరిశోధన చేస్తాడు.

"పల్లీలూ బాదంపప్పులూ ఒక పక్క, ఘాటు మిరపకాయలు ఒక పక్క పెట్టి పోలుస్తున్నాను మావయ్యగారూ," అన్నాడు.

"పోల్చడానికేముంది అల్లుడుగారూ? పల్లీల్లో నూనె ఉంది, మాంసకృత్తులున్నాయి. మిరపకాయలో ఏముంది, మంట తప్ప?"

"సి విటమిన్ ఉంది. నారింజపండులోకన్నా పచ్చిమిరపకాయలోనే ఎక్కువ."

"ఉంటే ఉండనీండి. గుప్పెడు పల్లీలు తినొచ్చు. గుప్పెడు మిరపకాయలు ఎవరు తింటారు?"

"తినేవాళ్లున్నారు," అని అల్లుడు నవ్వాడు. "అయినా ఎంత ఉందన్నది కాదండీ, అందులో ఎంత ఒంటికి పట్టిందన్నదే నా లెక్క."

నములుతూనే మాట్లాడుతున్నాడు. నోట్లో ముద్ద అటూ ఇటూ దొర్లడం కనిపిస్తోంది. ఇన్‌స్పెక్టరుగారు చూపు కంచంలోకి దించుకున్నారు. ఇంత చదివి ఏం లాభం, ఛీ.

చేతులు కడుక్కున్నాక అల్లుడు ముందుగదిలో బల్ల చూపించాడు. ల్యాబులో తూకం మిషను చెడిపోతే పని ఇంటికి తెచ్చుకున్నాడట. రెండు చిన్న గాజు సీసాలు. ఒకదాని మీద పల్లీ-బాదం అనీ, రెండోదాని మీద మిరప అనీ రాసి ఉంది. రెండింట్లోనూ మెత్తటి పొడి.

"వీటిని మాత్రం ముట్టుకోకండి. వంటగదిలోకి అసలే తీసుకెళ్లకండి."

ఇన్‌స్పెక్టరుగారికి ఒళ్లు మండిపోయింది. వీధిలో తిరిగిన చెప్పులతో ఇల్లంతా తొక్కేవాడు, తన చేతులకేదో మురికి ఉన్నట్టు మాట్లాడతాడా?

అల్లుడు బయటికెళ్లాడు. కూతురు మేడ మీద బట్టలు ఆరేస్తోంది. నాలుక బతికుందో చచ్చిందో తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. ఆయన ఒక చెంచా తెచ్చి, సబ్బుతో తోమి, వేడినీళ్లతో కడిగి, సొంత రుమాలుతో తుడిచారు. ఈ ఇంటి గుడ్డల్ని నమ్మే ఉద్దేశం ఆయనకు లేదు.

మొదట పల్లీ-బాదం. కళ్లు మూసుకుని నాలుక మీద పరుచుకోనిచ్చారు. జిడ్డు లేదు, కమ్మదనం లేదు. ఇసకలా తగిలింది, చివర్లో సున్నం రుచి. డోకొచ్చింది. అయినా మింగారు. మింగితే గానీ చివరి రుచి తెలీదు మరి. తర్వాత మిరప. నీరసంగా కాస్త మంట, దాని వెనకే అదే సున్నం, అదే వెగటు.

పల్లీకి పల్లీ రుచీ లేదు, మిరపకు మిరప రుచీ లేదు. అంటే నాలుక పోయినట్టేనా? మళ్లీ వేసుకున్నారు, ఈసారి రెండింట్లోంచీ నిండు చెంచా. పళ్ల మధ్య నలిపి, చప్పరించి, అంగిలికి రాసుకుని చూశారు. అడుగున ఎక్కడో పల్లీ జాడా, మిరప జాడా తగిలాయి. నెమ్మదిగా ఆయన మొహం విప్పారింది. నాలుక నిక్షేపంగా ఉంది. లోపమంతా సరుకులోనే.

సాయంత్రం అల్లుడు గుమ్మంలో అడుగు పెట్టేసరికి, ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని పాత హోదాలో నిలబడి ఉన్నారు.

"అల్లుడుగారూ, ఆ సీసాల్లో సరుకు ఎవరిచ్చారో గానీ మిమ్మల్ని నిలువునా ముంచారు. అంత దరిద్రపు పొడి నా సర్వీసులో చూడలేదు. అవి పల్లీలే, అది మిరపే, కాదనను. కానీ సారమంతా ఎవరో ముందే లాగేసుకున్నారు. మిగిలిన పిప్పిలో సున్నంలాంటిదేదో కలిపి మీకు అంటగట్టారు."

అల్లుడు సీసాల వంక చూశాడు. రెండూ సగానికి దిగి ఉన్నాయి. అతని చేతిలో సంచి జారి కింద పడింది. వెనక కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నోట్లో వేసుకున్నారా?" అన్నాడు మెల్లగా.

"వేసుకోకుండా ఎలా చెప్తాను? చెప్పండి, నా నాలుక ఏమైనా తప్పు చెప్పిందా?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

అల్లుడు ఆయన భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఒక్క ముక్క కూడా తప్పు చెప్పలేదు మావయ్యగారూ, ఆ సారమంతా లాగేసుకున్నవి మా ల్యాబులో చిలకలు, ఎండబెట్టి దంచి ఆ సీసాల్లో పోసింది వాటి రెట్ట."