ఒక్కడూ దూకలేదు

"ఏటి మార్టినూ, ఇక్కడాపేసాడేటి?" అంది దెబోరా మరిదితో.

తాందుల జలాశయం నడిమధ్యలో పడవ నిలిచిపోయింది. పడవ నడిపే ముసలాయన తెడ్డు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇదే చోటు, నోనీ," అన్నాడు హిందీలో. నోనీ అంటే ఆ పక్క పల్లెల్లో ‘తల్లీ’ అన్నట్టు.

ఆ రోజు నవంబరు రెండు, సమాధుల పండుగ. దెబోరా వాళ్ళుండే ఖుర్సీపార్‌లో తోటి తెలుగు క్రైస్తవులంతా తమవాళ్ళ సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు.

దెబోరాకు కడగడానికి సమాధి లేదు, పాపం. కిందటేడు దసరా సెలవుల్లో ఆమె భర్త ప్రభుదాసు ఉక్కు ప్లాంటు స్నేహితులతో ఇక్కడికి పిక్నిక్కుకి వచ్చి, నీళ్ళలో దిగి మునిగిపోయాడు. శవమైనా దొరకలేదు.

అందుకే మరిదిని వెంటబెట్టుకుని వచ్చింది.

చామంతులు ఒక్కొక్కటే నీళ్ళ మీద వదిలింది. వదులుతూ వదులుతూ బావురుమంది.

"వొడ్డునున్నోలంతా సినిమా సూసినట్టు సూసేరట మార్టినూ! నీ అన్న స్నేహితులు సెప్పేరు. సేపలు పట్టి బతికీవోలు, ఈత రాదా ఆల్లకి? ఒక్కడూ దూకలేదు!"

"వదినా, నెమ్మదిగా. ముసలాయన ఇంటాడు."

"ఇంటే ఏటి? ఆడికి తెలుగొస్తాదా?"

ముసలాయన నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు.

"ఆల్ల కొడుకులు ములిగిపోతే తెలుస్తాది ఆల్లకి!"

కడుపు మండిన మనిషి నోటికి అదుపుండదు. మార్టిన్ తల దించుకున్నాడు.

ముసలాయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. తర్వాత, ఆమె ఏడుపు నెమ్మదించేదాకా ఆగి, చప్పుడు కాకుండా తెడ్డు వేశాడు.

ఒడ్డున మోకాటిలోతు నీళ్ళలో నిలబడి, ఆమె దిగేదాకా పడవ కదలకుండా పట్టుకున్నాడు.

దెబోరా అతని మొహం కూడా చూడలేదు.

మరుసటేడు అదే రోజున వాళ్ళిద్దరూ మళ్ళీ వచ్చారు. పడవలో ఎవరో నడివయసు మనిషి ఉన్నాడు.

"ఆ ముసలి బాబా ఏడీ?" హిందీలో అడిగాడు మార్టిన్.

"బిసాహూ కాకానా? మొన్న వానల్లో జొరమొచ్చి పోయాడు బాబూ," అన్నాడతను తెలుగులో.

దెబోరా ఉలిక్కిపడింది. "నీకు తెలుగొస్తాదా?"

"రాకేమమ్మా! నేనూ కాకా పదేళ్ళు ఖుర్సీపార్‌లో తెలుగు మేస్త్రీ కింద పని చేసినాం. నాకన్నా ఆయనకే బాగా వచ్చు."

కిందటేడు పడవలో తానన్న మాటలన్నీ దెబోరాకు గుర్తొచ్చాయి.

"ఎక్కండమ్మా. పోయే ముందు కాకా నాకా చోటు చూపించాడు. సమాధుల పండక్కి నోనీ వస్తాది, జాగ్రత్తగా తీసుకెళ్ళమన్నాడు."

పడవ కదిలింది. నీళ్ళ నడిమికి వచ్చాక ఆమె అడిగింది.

"అంత పెద్ద నీళ్ళలో... ఆ సోటు ఆయనకెలా తెలుసు?"

అతను తెడ్డు వేయడం ఆపి ఆమెకేసి వింతగా చూశాడు.

"తెలీకుండా ఎలాగుంటాదమ్మా? మీ ఆయన స్నేహితులంతా భయపడి జీపు కాడికి పరిగెత్తినప్పుడు, మీ ఆయన కోసం దూకి, మళ్ళీ పైకి రానోడు కాకా ఒక్కగానొక్క కొడుకే కదా!"