దండ వెనక తెల్లకాగితం

తప్పులుంటే మన్నించండి. అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నదాన్ని, నెమ్మదిగా రాస్తాను.

అప్పటికి రేషను చీటీ కూడా ఎవరింట్లో వాళ్లే అచ్చేసుకోవాలి. పైడమ్మ ప్రింటరులో సిరా అయిపోతే, పక్కింటి రత్తాలు ఖాళీ డబ్బాలోకి సిరంజితో బయటి సిరా ఎక్కించింది.

"ఏటీ అవదు వదినా. సిరాకి కులమా, గోత్రమా?" అని నవ్వుతూ డబ్బా బిగించింది.

ప్రింటరు మర్యాదగా పలికింది: "పరాయి సిరా వాడారు. ఈ ఇంట్లో మా సిరాతో అచ్చయినవన్నీ వెనక్కి తీసుకుంటున్నాం."

చూస్తుండగానే గోడమీది క్యాలెండరు ఉత్త కాగితమైపోయింది. పైడమ్మ గభాల్న పటంకేసి తిరిగింది. పోయిన పెనిమిటిది మిగిలింది, ఆ ప్రింటరులోనే అచ్చేసిన ఆ ఒక్క ఫోటోయే. దండ అలాగే వేలాడుతోంది. లోపల ఆయన లేడు.

"ఓలమ్మో! ఎంత పని చేసేసినాను వదినా!" రత్తాలు కూలబడిపోయింది.

పైడమ్మ పటంలోంచి కాగితం తీసింది. నలభై ఏళ్ల కాపురంలో మొగుడి పేరు ఒక్కసారీ నోటంట పలకని మనిషి, సిరంజిలో మిగిలిన సిరాలో చీపురుపుల్ల ముంచి "అప్పలకొండ" అని రాసింది.

ఆ సిరాని ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

ఇట్లు,
బొడ్డు సింహాచలమ్మ, అరవై ఎనిమిదేళ్లు, ఇప్పుడుండేది తగరపువలస.