మట్టయ్య ఓటు

"మట్టయ్య ఓటేసి వెళ్లిపోయాడా అమ్మా?"

అండాలమ్మ చప్పున తలెత్తి చూసింది.

కొత్తపేట సర్కారు బడి వరండాలో, ముసలివాళ్ల కోసం వేసిన బల్ల మీద కూర్చుందామె. అడిగిన పెద్దమనిషి పక్కనే ఉన్నాడు. తెల్ల టోపీ, భుజాన నీళ్ల సీసా, చేతిలో నాలుగు మడతల కాగితం. ఎన్నడూ చూసిన ముఖం కాదు.

మట్టయ్య ఆమె భర్త. పోయి రెండేళ్లయింది. ఓటరు లిస్టులో మాత్రం ఇంకా ఉన్నాడు. పేరు తీయించే ఫారం ఎవరో తెచ్చిస్తే, ఆమె దాన్ని ట్రంకుపెట్టెలో చీరల అడుగున దాచి తాళం వేసింది. మనిషిని సాగనంపింది చాలదా? పేరును కూడా సంతకం పెట్టి సాగనంపాలా?

అప్పటి నుంచి ఒకటే భయం. ఆ ఓటు ఎవడైనా వచ్చి గుద్దిపోతాడేమోనని.

ఓట్ల నాడు భయపడటం ఆమెకు కొత్త కాదు. మట్టయ్య ఉన్న రోజుల్లో అది వేరే భయం. ఓటేసి బయటికొచ్చి, గేటు దగ్గర రెండు చాయ్‌లు చెప్పేవాడు. ఒకటి తాగేవాడు. రెండోది గోడ మీద పెట్టేవాడు.

"అదెవరికి?"

"చంటికి."

"ఎవతె ఆ చంటి?"

మట్టయ్య మీసాల్లో నవ్వేవాడు. చల్లారిన చాయ్ తనే తాగి ఇంటికొచ్చేవాడు. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు.

"మట్టయ్యతోని నీకేం పని?" అంది అండాలమ్మ.

"ఆయన కోసమే వచ్చానమ్మా. పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్నా."

"ఆయన కోసమా, ఆయన ఓటు కోసమా?"

"అయ్యో, నాకు ఓటెక్కడిది! నేను ఓసీఐ."

"ఓసీలైతే?" అండాలమ్మ గొంతు లేచింది. "ఓసీలకు ఓటు లేదని ఎవరన్నరు?"

లైన్లో ఉన్న స్వరూపరాణి గిర్రున తిరిగింది. ఆమెది అండాలమ్మ ఉండే గల్లీయే.

"ఏంది పెద్దమ్మా, ఓసీలకు ఓటు తీసేసిండ్రా? మొన్ననే గదా రిజర్వేషన్ ఇచ్చింది!"

"ఒక చేత్తోని ఇచ్చి ఇంకో చేత్తోని గుంజుకున్నరు బిడ్డా. రేపు మనయి గూడ తీస్తరు."

"ఓసీ కాదమ్మా, ఓసీఐ!" పెద్దమనిషి జేబులోంచి చిన్న నీలం పుస్తకం తీశాడు. "న్యూజిలాండ్ పౌరసత్వం తీసుకున్నా. తీసుకున్న రోజే ఇక్కడిది పోయింది. మన దేశంలో రెండూ ఉంచుకోనివ్వరు. బదులుగా ఇది ఇచ్చారు."

స్వరూపరాణి పుస్తకం తిప్పి చూసింది. "సిటిజన్ ఆఫ్ ఇండియా అనే ఉంది గదా?"

"దానికి ముందు ఓవర్సీస్ అని ఉంది చూడమ్మా."

"ఉంటే?"

"ఎప్పుడైనా రావచ్చు. ఎన్నాళ్లయినా ఉండొచ్చు. ఓటు మాత్రం వేయకూడదు."

"మా అల్లుని లెక్కనే," అంది స్వరూపరాణి. "ఒస్తడు, తింటడు, నెలలకు నెలలు ఉంటడు. ఇంటి ముచ్చట్ల మాత్రం నోరు తెరవద్దని మా ఆయన రూలు."

లైనంతా నవ్వింది. పెద్దమనిషీ నవ్వాడు.

అండాలమ్మ నవ్వలేదు. "ఓటు లేనోనికి ఓట్ల కాడ ఏం పని?"

పెద్దమనిషి కాగితం మడతలు విప్పాడు. ఓటరు లిస్టులో ఒక పేజీ. అందులో మట్టయ్య పేరు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా.

అండాలమ్మ సొంతంగా నేర్చుకున్న నాలుగు అక్షరాలు ఆ పేరు చదవడానికి సరిపోయాయి.

"మీకు తెలుసా అమ్మా ఈయన?" పెద్దమనిషి ఆశగా అడిగాడు.

భర్త పేరు ఆమె ఏనాడూ నోట పలకలేదు. ఈ దొంగ ముందు పలుకుతుందా?

"తెల్వదు," అంది. చేతిలోని ఓటరు కార్డు మీద, భర్త పేరు ఉన్నచోట బొటనవేలు గట్టిగా అదిమిపెట్టింది. తర్వాత లేచి నిలబడి అరిచింది.

"సార్! దొంగ ఓటు! దేశం కాని దేశం నుంచి ఒచ్చిండు!"

ఆఫీసరు వచ్చాడు. నీలం పుస్తకం చూశాడు. "సాంబమూర్తి గారూ, ఓటు లేనివాళ్లు లోపల ఉండకూడదండీ."

"ఇంకొక్క గంట. ఈ బల్ల మీద కూర్చుంటా, అంతే."

"కుదరదండీ."

కానిస్టేబుల్ లింగస్వామి ఆయన్ను మెల్లగా గేటు వైపు నడిపించాడు. ఆయన రెండుసార్లు వెనక్కి తిరిగి లైను వైపు చూశాడు.

అండాలమ్మ ఓటేసింది. వేలి మీద సిరా ఆరకముందే అడిగింది.

"సార్, నా పక్క నంబరు మీద ఎవరన్న వేసిండ్రా?"

"ఎవరూ వేయలేదమ్మా."

యుద్ధం గెలిచినట్టు బయటికొచ్చింది. గేటు దగ్గర లింగస్వామి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"పోయిండా గా దొంగ?"

"పోయిండమ్మా. సాయంత్రం విమానమట. ఆటో ఎక్కిండు."

"పీడ పోయింది. ఏం కథలు చెప్పిండు?"

"లిస్టుల ఉన్న ఇంటికి మొన్ననే పోయిండట. గా ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్నరట. ఓట్ల నాడైతే తప్పక దొరుకుతడని ఈడికొచ్చిండట."

అది అండాలమ్మ ఖాళీ చేసి వచ్చిన పాత ఇల్లే. గోడ మీద ఒక చాయ్ కప్పు ఉంది. నిండుగా. పైన మీగడ కట్టింది.

"గిది... ఎవరిది?"

"గాయనదే. రెండు చెప్పిండు. ఒకటి తాగి, గిది ఎవ్వరిని ముట్టనియ్యొద్దని నన్ను కావలి పెట్టిండు. మట్టయ్య ఒస్తే ఇయ్యాల్నట, చంటి ఒచ్చి పోయిండని చెప్పాల్నట."