ఆరు బిళ్ళలు

పశువుల ఆసుపత్రి ల్యాబులో ఆ రాత్రి ఆవిడొక్కతే ఉంది. ఒక కుక్కపిల్ల చెవి పుండులోంచి తీసిన చీమును నిన్న గాజు పళ్ళెంలో పూసి, పైన ఆరు మందు బిళ్ళలు పేర్చింది. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిములు చచ్చి, గుండ్రంగా ఖాళీ పడాలి. ఒక్కదాని చుట్టూ కూడా పడలేదు. ఆరు మందులనూ పూచికపుల్లలా తీసిపారేసి, క్రిములు బిళ్ళల అంచుల దాకా దట్టంగా పెరిగాయి.

ఫోన్ మోగింది. భర్త.

"నువ్వు జాలిపడి తెచ్చావే, ఆ చెవిపుండు కుక్కపిల్ల, అది గీరిన చోట పాప చెయ్యి వాచింది. కంగారుపడకు, డాక్టరు రాసిన మందు వేశాను."

"ఏం మందండీ?"

చీటీ చూసి చదివాడు. మూడో బిళ్ళ మీద ఉన్నది ఆ పేరే.

ఫోన్లో మెత్తగా ఏదో చప్పుడు, ఆగకుండా.

"అదేంటండీ?"

"కుక్కపిల్లేలే. పాప చెయ్యి నాకుతోంది. ఎన్నిసార్లు తోలినా మళ్ళీ అక్కడికే వస్తోంది."